నవ్వితే పోయేది యాస కాదు

మొన్న గుంటూరు వైపు బంధువుల పెళ్లిలో మా పాప "అత్తా, ఊట అయిందా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. వాళ్లు అప్పుడే మర్చిపోయారు. మా పాప మాత్రం తిరుగు రైల్లో నాతో అంతా కన్నడలోనే మాట్లాడింది.

నేనూ కన్నడ మీడియం వాడినే. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇన్నాళ్లూ నా తెలుగులోనూ అవే వెతుక్కునేవాణ్ణి. ఆ అలవాటు మాన్పించింది ఒక మెక్సికో సంగీతం.

ఆర్తూరో మార్కెస్ 1950లో సొనోరా రాష్ట్రంలో, మరియాచి వాయించే ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం కాలిఫోర్నియాకు వలస పోయింది. ఆయన రాసిన ‘దాన్సోన్ నంబర్ 2’ని 1994లో మెక్సికో నగరంలో మొదటిసారి వాయించారు. క్లారినెట్ మెల్లగా ఎత్తుకుంటుంది, చివరికి ఆర్కెస్ట్రా అంతా ఆటలో దిగినట్టు ఉంటుంది.

అసలు సంగతేమంటే, దాన్సోన్ మెక్సికోలో పుట్టిందే కాదు. 19వ శతాబ్దంలో క్యూబాలో పుట్టి, సముద్రం దాటి వెరాక్రూజ్ రేవులో దిగింది. అక్కడ ఇప్పటికీ సాయంత్రాలు ఊరి నడిమధ్య పెద్దవాళ్లు జంటలుగా ఆడతారు. మార్కెస్ స్నేహితులతో ఆ ఊరి డ్యాన్స్ హాళ్లకీ, మెక్సికో నగరం హాళ్లకీ తిరిగి ఆ నడక పట్టుకున్నారు. వచ్చి స్థిరపడిన ఆటను మెక్సికో తనదే అనుకుంది.

దాన్ని లోకమంతా వినిపించింది కూడా పిల్లలే. పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పడానికి వెనిజులాలో 1975లో మొదలైన ‘ఎల్ సిస్తెమా’ నుంచి వచ్చిన యువ ఆర్కెస్ట్రా, 2007లో దుదామెల్ నడపగా, దేశదేశాల్లో వాయించింది.

"ఇట్లా కలుపుకుంటూ పోతే రేపటికి తెలుగే మిగలదు కదా" అని మన పెద్దవాళ్లు అడుగుతారు. భయం న్యాయమైనదే. కానీ దాన్సోన్ మిగిలింది శుద్ధంగా ఉన్నందుకు కాదు, జనం ఆడుతూనే ఉన్నందుకు. మన తెలుగులో నాలుగు కన్నడ మాటలు చేరితే ఏ నష్టమూ లేదు. పిల్లలు నోరు మూసుకుంటేనే నష్టం.

ఈ ఉగాదికి మనవాళ్లంతా కలిసినప్పుడు ఒక్క పని చేద్దాం. పిల్లలు ఎట్లా మాట్లాడితే అట్లా మాట్లాడనిద్దాం. దిద్దడం తర్వాత. ముందు "అయింది తల్లీ, నీ ఊట అయిందా?" అని జవాబు చెబుదాం.