అప్పగింతకు తగిన వేళ

గృహస్థు తన పెత్తనాన్ని ఎప్పుడు విడవాలి? ప్రభుత్వోద్యోగికి ఈ ప్రశ్నకు జవాబు ఉత్తర్వులో దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. కానీ దుకాణం నడిపే తండ్రికి, సేద్యం చేయించే పెద్దకు, ఇంటి తాళపుచెవులు కొంగున ముడివేసుకున్న తల్లికి ఏ ఉత్తర్వూ రాదు. వారికి వారే నిర్ణయించుకోవాలి.

మనుస్మృతి ఆరవ అధ్యాయం దీనికి వయస్సు చెప్పలేదు, గుర్తులు చెప్పింది: ఒంటిపై ముడతలు, తల నెరవడం, సంతానానికి సంతానం కలగడం. మొదటి రెండూ అద్దంలో కనిపిస్తాయి. మూడవదానికి ఇంట్లోకి చూడాలి. ఉయ్యాలలో మనుమడున్నాడంటే కుమారుడు అప్పటికే బరువెత్తుకోగల వయస్సుకు వచ్చాడన్నమాట. మన అలసటకంటే అతని సిద్ధతే అసలు గుర్తని నాకు తోస్తుంది. వానప్రస్థాన్ని కలివర్జ్యాలలో చేర్చిన ధర్మశాస్త్రకారులున్నారు గనుక అడవికి పోనక్కరలేదు. ఇంట్లోనే ఒక అడుగు పక్కకు జరిగితే చాలు.

ఆ అడుగే కష్టం. అయోధ్యాకాండ రెండవ సర్గలో దశరథ మహారాజు, తెల్లగొడుగు నీడన తన దేహం జీర్ణమైందనీ, ఇక విశ్రాంతి కావాలనీ చెప్పి, రాముని యువరాజును చేయడానికి సభ సమ్మతి కోరాడు. సభ ఆనందంతో హోరెత్తింది. వెంటనే ఆయన, తాను ధర్మంగా పాలిస్తూనే ఉండగా రాముని ఎందుకు కోరుకుంటున్నారని అడిగాడు! వారి మనస్సు తెలుసుకోగోరి, ఎరుగనివానివలె అడిగాడని వాల్మీకి మహర్షి అంటారు. అయినా ఆ ప్రశ్నలో ప్రతి తండ్రి గొంతూ వినిపిస్తుంది. సభ్యులు రాజులో లోపాలెంచలేదు, రాముని గుణాలు వర్ణించారు. తండ్రి మతిమరుపును నలుగురిలో ఏకరువు పెట్టే కుమారులు ఈ సర్గను ఒకసారి పారాయణ చేయాలి.

ధృతరాష్ట్రుడు యుద్ధానంతరం 15 సంవత్సరాలు ధర్మరాజు నీడన గడిపి, భీముని మాటలు గుచ్చుకున్నాకే అడవికి కదిలాడు. అంతవరకు ఆగకూడదు.

వేదాధ్యయనంలో ఒక పద్ధతి ఉంది. శ్వాస చాలని గురువు శిష్యునిచేత చెప్పిస్తూ, స్వరం తప్పినచోట దిద్దుతారు. తప్పును పట్టగల చెవి ఉండగానే ఆయన పక్కకు జరుగుతారు. చెవి కూడా పోయాక ఇచ్చినది అప్పగింత కాదు, వదిలేయడం. లెక్కల పుస్తకమైనా, పొలం వ్యవహారమైనా అంతే. రెండు పంటలపాటు కుమారుడు నడుపుతుంటే పక్కన కూర్చుని చూడండి, అడిగితేనే చెప్పండి.

అన్నీ ఇవ్వనక్కరలేదు. సంధ్యావందనానికి విరమణ లేదు. తండ్రి జీవించి ఉండగా కుమారునికి పితృతర్పణాధికారం లేదు గనుక ఆ కర్మ మీతోనే ఉంటుంది. మీ దంపతుల జీవనానికి కావలసినది ఉంచుకోవడమూ దోషం కాదు. ఆస్తి రాసిచ్చేటట్లయితే, పోషించాలన్న షరతును పత్రంలోనే రాయించండి. ఆ షరతు తప్పితే దాన్ని రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టంలో ఉంది. కుమారుడు ఉత్తముడే కావచ్చు. షరతు రాయించడం అతనిని శంకించడం కాదని ముందే చెప్పి రాయించండి.