పిట్టకథ పెద్దదైతే...

ఇరవై రెండు నిమిషాలు! అమెరికాలో అరగంట కామెడీ సీరియల్ అంటే, ప్రకటనలు పోగా రచయిత చేతికి మిగిలేది దాదాపు అంతే. అందులోనే కథ మొదలవ్వాలి, చిక్కులో పడాలి, నవ్వించాలి, తేలిపోవాలి. అంత ఇరుకింట్లోకి పనిలేని చుట్టంలా ఓ పిట్టకథ దిగిందంటే అసలు కథ అరుగుమీద పడుకోవాల్సిందే.

మంచి పేరున్న ఎపిసోడ్లకీ ఈ బాధ తప్పదు. 1989 నుంచి 1998 దాకా ఎన్‌బీసీలో వచ్చిన 'సైన్‌ఫెల్డ్'నే తీసుకోండి. అభిమానులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే 'ద మెరైన్ బయాలజిస్ట్' ఎపిసోడ్ 1994 ఫిబ్రవరిలో ప్రసారమైంది. కాలేజీలో తమతో చదివిన అమ్మాయి కనపడితే, జార్జ్ సముద్రజీవుల శాస్త్రవేత్త అయ్యాడని కోసేస్తాడు స్నేహితుడు జెర్రీ. ఆ అమ్మాయి ముచ్చటపడిపోతుంది. జార్జ్‌కి ఇక అబద్ధాన్ని మోయక తప్పదు. ఓరోజు ఇద్దరూ సముద్రం ఒడ్డున నడుస్తుంటారు. ఎదురుగా జనం గుంపు, ఒడ్డుకు కొట్టుకొచ్చి అవస్థపడుతున్న తిమింగలం. 'ఇక్కడ మెరైన్ బయాలజిస్టులు ఎవరైనా ఉన్నారా?' అని ఎవరో కేకేస్తారు. పాపం జార్జ్!

మరోపక్క క్రేమర్ ఉంటాడు. వందలకొద్దీ గోల్ఫ్ బంతులు చేతికొచ్చాయని వాటిని సముద్రంలోకి కొట్టి సరదా తీర్చుకుంటాడు. జార్జ్ గొడవకీ దీనికీ ఏం సంబంధం? చివర్లో కాఫీ హోటల్లో కూర్చుని జార్జ్ తన సాహసమంతా వర్ణించి, తిమింగలం ముక్కురంధ్రంలోంచి లాగిన వస్తువును తీసి చూపిస్తాడు. గోల్ఫ్ బంతి! అంతే, స్టూడియో గొల్లుమంది.

తమాషా ఏమిటంటే ఈ ముడి ముందుగా అనుకున్నది కాదట. షూటింగుకు ముందు రాత్రి తట్టింది. హడావుడిగా రాసిచ్చిన ఆ పొడవాటి వర్ణనను నటుడు జేసన్ అలెగ్జాండర్ బట్టీపట్టి చెప్పారు. ఆ రాత్రి ఆ ఊహ రాకపోయుంటే క్రేమర్ బంతులు ఉత్త కాలక్షేపంగానే మిగిలేవి.

ఇదే ఎపిసోడ్‌లో మూడో కథా ఉంది. పుస్తకాల సంస్థలో పనిచేసే ఎలెయిన్ ఓ రష్యన్ రచయితతో కారులో వెళ్తుంటుంది. ఆమె ఎలక్ట్రానిక్ డైరీ కీచుకీచుమంటుంటే ఆయనకు చిర్రెత్తి దాన్ని కిటికీలోంచి విసిరేస్తాడు. అది దారినపోయే ఆవిడ నెత్తిన పడుతుంది. ఇక ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న పేచీ. విడిగా చూస్తే నవ్వొస్తుంది, జూలియా లూయీ-డ్రైఫస్ నటనకు వంక పెట్టలేం. అయితే ఇందులో ఏదీ తిమింగలం దాకా రాదు. జార్జ్ ఎప్పుడు దొరికిపోతాడా అని చూస్తున్నవాళ్లను పట్టుకెళ్లి ఆ పేచీ మధ్యలో కూర్చోబెడతారు. తిరిగొచ్చేసరికి ఆ ఆత్రం కాస్త చల్లారుతుంది. అంత గొప్ప ముగింపు ఉంది కాబట్టి సరిపోయింది. లేదంటే?

రచయితల ఇబ్బందీ లేకపోలేదు. నలుగురు ముఖ్య నటులుంటే నలుగురికీ పని చూపించాలి. పైగా అసలు కథలో ఓ రోజు గడవాలంటే మధ్యలో మరో సీను పడాలి. అందుకే పిట్టకథ అవసరమే. కాకపోతే అది వెళ్లిన దారినే తిరిగి రావాలి. మన సినిమాల్లో విడిగా తీసి అతికించిన కామెడీ ట్రాకులు ఎన్ని చూడలేదు! జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా నవ్వించిన 'అమృతం'కి ఈ జబ్బు తక్కువ. అమృతం, ఆంజనేయులు ఏదో పథకం వేస్తారు. ఇంటి ఓనరు అప్పాజీ వచ్చినా, హోటల్లో సర్వం నోరు విప్పినా ఆ పథకం మరికాస్త చెడటానికే.

సైన్‌ఫెల్డ్ బృందానికీ ఈ కిటుకు తెలియనిది కాదు. 1991 మేలో వచ్చిన 'ద చైనీస్ రెస్టారెంట్'లో జెర్రీ, జార్జ్, ఎలెయిన్ భోజనానికి టేబుల్ కోసం నిలబడి ఎదురుచూస్తారు. ఎపిసోడంతా అంతే. క్రేమర్ అసలు కనిపించడు. కథే లేదని ఛానల్ పెద్దలు పెదవి విరిచారు. నిజానికి మూడు చిన్న కథలున్నాయి. ఎలెయిన్‌కి ఆకలి. జార్జ్‌కి ఫోన్ చేసుకోవాలి. జెర్రీకేమో, మామయ్యకు చెప్పిన అబద్ధం బయటపడుతుందన్న బెంగ. మూడూ ఆ హోటల్ గుమ్మం దాటవు. ఆఖరికి విసిగిపోయి ముగ్గురూ బయటికి నడుస్తారు. వాళ్లటు వెళ్లారో లేదో, హోటలాయన వచ్చి వాళ్ల పేరు పిలుస్తాడు.