మత్స్యశాఖ కమిషనర్ గారికి: చెరువు నీటిని తెల్లవారుజామున పరీక్షించండి



కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చేపల రైతుల కోసం ఈ ఉత్తరం. మేత ధర గురించి మీకు చాలామంది రాస్తారు. నేను నీటి గురించి రాస్తున్నాను.

ఈ చెరువుల్లో పెంచే బొచ్చె చేపకు జంతు ప్లవకాలే ముఖ్య ఆహారం. వాటికి ఆధారం వృక్ష ప్లవకాలు. అందుకే లేతాకుపచ్చ నీరు చూసి రైతు మురిసిపోతాడు, అది న్యాయమే. కానీ ఆ వృక్ష ప్లవకాలే పగలు ఆక్సిజన్ ఇచ్చి రాత్రంతా పీల్చుకుంటాయి. కోళ్ల పెంట, సూపర్ ఫాస్ఫేట్ మోతాదు మించితే నీరు చిక్కబడుతుంది. ఆపైన రెండు రోజులు ముసురు పట్టిందా, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపుకు పడిపోయాక ఏరియేటర్ కోసం పరుగెత్తితే చాలాసార్లు ఆలస్యమే. నెలల తరబడి పెంచిన పంట ఒక్క రాత్రిలో పోతుంది.

మధ్యాహ్నం సీసాలో పట్టి ల్యాబ్‌కు తెచ్చిన నీరు ఈ సంగతి చెప్పదు. పరీక్ష గట్టు మీదే, సూర్యోదయానికి ముందే జరగాలి. ప్రతి రైతుకూ నీటి చిక్కదనం తెలిపే సెక్కీ డిస్క్ ఒకటి ఇప్పించండి. నీటిలోకి దించిన ఆ బిళ్ల 20 సెంటీమీటర్ల లోపే కనుమరుగైతే ఎరువు ఆపాలని నేర్పించండి. ముసురు రాత్రుల్లో ఏరియేటర్లకు కరెంటు ఆగకుండా చూడండి. వానలు మొదలయ్యేలోగా ఈ పనులు చేయించమని కోరుతున్నాను.