గడియారపు వేగమే ఘనత కాదు

ఉప్పల్, నాచారము ప్రాంతముల అంగళ్లలో కంప్యూటరు కొనబోవువాని దృష్టి మొట్టమొదట గిగాహెర్ట్జుల సంఖ్యపై పడును. ఆ సంఖ్య యెంత పెద్దదో యంత్రమంత చురుకైనదని తలచుట లోకమున వాడుకయైనది. ఒకరి సొంత సొమ్మునకే నష్టమైనచో మేమింతగా వ్రాయ బనిలేదు. గ్రంథాలయములకును పాఠశాలలకును ప్రజాధనముతో యంత్రములు కొనునపుడును ఇదియే కొలబద్ద యగునేని ఊరకుండరాదు.

ఒక గిగాహెర్ట్జనగా ప్రాసెసరులోని గడియారము సెకనునకు 100 కోట్ల మారులు కొట్టుకొనుట. దీనిని రోకటి పోట్లతో పోల్చి గ్రహింపవచ్చును. పోట్లెన్ని యని లెక్కించిన చాలునా? పోటుపోటునకు నెన్ని గింజలు దంగినవో చూడవలదా? ఆ రెండవది ప్రాసెసరు నిర్మాణ ప్రణాళికను బట్టి యుండును. వడ్లు ప్రక్కనున్న చేటలో లేక గాదెనుండి రావలసియున్నచో రోకలి యెత్తినది యెత్తినట్లే నిలుచును. ప్రాసెసరుకడ నుండు క్యాష్ అను చిన్న జ్ఞాపకశాల ఆ చేటవంటిది. కోర్లు అనేకములున్నను, పని పంచుకొన వీలుకానిదైనచో తక్కిన రోకళ్లు గోడకానియే యుండును.

ఇందుకు చరిత్రయే సాక్ష్యము. ఇంటెల్ కంపెనీ 2004లో పెంటియం 4ను 3.8 గిగాహెర్ట్జుల వరకు పరుగెత్తించెను. వేగముతోపాటు వేడిమియు పెరిగెను. 4 గిగాహెర్ట్జుల ప్రాసెసరును తెచ్చు తలంపును ఆ యేటనే మానుకొనెను. 2006లో అదే కంపెనీ తెచ్చిన కోర్ 2 డ్యుయో 3 గిగాహెర్ట్జులకు లోబడియే పెంటియమును మించి పనిచేసెను. ఒకే ప్రణాళికగల రెండింటిని పోల్చునపుడు గడియారపు సంఖ్యను నమ్మవచ్చును. వేర్వేరు ప్రణాళికల నడుమ దాని సాక్ష్యము చెల్లదు.

నాచారమునకు చేరువనే, 1967లో ఏ. ఎస్. రావుగారి నాయకత్వమున వెలసిన ఇ.సి.ఐ.ఎల్., ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును చేపట్టి, పిదప టి.డి.సి.-312, టి.డి.సి.-316లను నిర్మించెను. అనగా ఈ విద్య మన వాకిటికి ఏనాడో వచ్చినది. నేడు మద్రాసు ఐ.ఐ.టి. వారి శక్తి, సి-డాక్ వారి వేగా ప్రాసెసర్లు, ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేని రిస్క్-ఫైవ్ ఆదేశమాల నాధారము చేసికొని ఆ దారినే నడచుచున్నవి.

కావున అధికారులు టెండర్లలో గిగాహెర్ట్జుల షరతుతో తృప్తిపడక, యంత్రముచే చేయింపదలచిన పనినే దానికిచ్చి, పట్టిన కాలమును, వ్యయమైన విద్యుత్తును కొలిచి కొనవలెను. స్వదేశీ ప్రాసెసరునకును ఈ పరీక్ష తప్పరాదు. పరీక్షకు నిలువని స్వదేశీయము దేశమునకు బలము కానేరదు. మన కళాశాలలు ప్రాసెసరు ప్రణాళికను కంఠస్థపాఠముగా గాక చేతిపనిగా నేర్పవలెను. పరుల సంఖ్యలను వల్లించు జాతి అంగడిముందే నిలిచియుండును. కొలుచుట నేర్చిన జాతి నిర్మింపను నేర్చును.