మూడు రోజులకు మూడు కత్తులు చాలు

టోక్యో వెళ్ళొచ్చిన మిత్రుల యాత్రావర్ణనలు చదివినప్పుడల్లా నాకు తిరుమల గర్భగుడి ముందు వినిపించే "జరగండి, జరగండి" అన్న కేకలు గుర్తుకొస్తాయి. అక్కడ మనల్ని తోసేవారు వేరే ఉంటారు. టోక్యోలో మాత్రం మనల్ని తోసేది మనం రాసుకున్న పట్టికే. తొమ్మిదింటికి అసకుసా గుడి, పదకొండింటికి ఉయెనో, ఒంటిగంటకు ఇంకో మ్యూజియం, మూడింటికి షిబుయా కూడలి. సాయంత్రానికి కాళ్ళు పీకుతాయి, కెమెరా నిండుతుంది, కళ్ళు మాత్రం ఖాళీగానే తిరిగివస్తాయి.

జపాను కత్తుల మీద మక్కువ ఉన్నవారైనా ఇందుకు అతీతులవుతారనుకున్నాను. కారని తేలింది. ఉద్యోగరీత్యా ఆ ఊరికి కొన్నిసార్లు వెళ్ళినవాడిని కాబట్టి, "మూడు రోజులే ఉంటాను, కత్తులు ఎక్కడెక్కడ చూడాలి?" అని అడిగేవారు నాకు తరచు తగులుతుంటారు. అడిగేటప్పటికే వాళ్ళ దగ్గర తొమ్మిది మ్యూజియంల జాబితా సిద్ధంగా ఉంటుంది. "రెండు చోట్లకు వెళ్ళండి, మూడు కత్తులు చూడండి" అని నేనంటే, పెళ్ళిభోజనానికి పిలిచి మజ్జిగతో సరిపెట్టినట్టు ముఖం పెడతారు. అందుకే ఈ టపా. నా మాట పిసినారితనం కాదనీ, వాళ్ళ జాబితానే అసలు దరిద్రమనీ నిరూపించడం నా ఉద్దేశం.

మొదట కత్తి అంటే ఏమిటో చూద్దాం. అద్దం వెనక పడుకోబెట్టిన ఆ ఉక్కు ముక్క తొలిచూపులో దాదాపు ఏమీ చెప్పదు. పక్కపక్కన పది ఉంటే పదీ ఒకేలా కనిపిస్తాయి. చూడవలసినవి మూడు. ఒకటి ఆకృతి: వంపు ఎక్కడ మొదలవుతోంది, మొన ఎంత పొడుగుంది, మొదట్లో వెడల్పు చివరికి ఎంత తగ్గింది. గుర్రం మీద యుద్ధం చేసిన కాలపు కత్తికి వంపు పిడి దగ్గరే లోతుగా ఉంటుంది. పదిహేడో శతాబ్దం నడుమ చేసిన కత్తుల్లో ఆ వంపు బాగా తగ్గిపోతుంది. రెండోది ఉక్కు ఒంటి మీది అల్లిక: మడిచి, కొట్టి, మళ్ళీ మడిచిన గుర్తులు చెక్క మీది రేఖల్లా తేలతాయి. మూడోది వాదర వెంబడి సాగే పొగమంచు లాంటి గీత. జపాను వాళ్ళు దాన్ని హమోన్ అంటారు.

ఈ మూడోది నిలబడి చూస్తే కనబడదు. అలుగు మీద దీపం ప్రతిబింబం పడేచోట కన్ను ఉండాలి. అందుకు మోకాళ్ళు వంచాలి, ఒక అడుగు పక్కకు జరగాలి, మళ్ళీ వెనక్కు రావాలి. కత్తి కదలదు కాబట్టి మనమే కదలాలి. అలా కదులుతుండగా ఒక్కసారిగా ఆ గీతలో సన్నటి వెండి రేణువులు మెరుస్తాయి, వాటి చుట్టూ మబ్బు కమ్ముతుంది. అది పైన చెక్కిన అలంకారం కాదు. కమ్మరి అలుగుకు మట్టి పూస్తాడు, వీపు వైపు మందంగా, వాదర వైపు పలచగా. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు. పలచటి వైపు చప్పున చల్లారి గట్టిపడుతుంది, మందపు వైపు మెల్లగా చల్లారి మెత్తగా మిగులుతుంది. ఆ రెండింటి సరిహద్దే మనం చూస్తున్న గీత. గట్టిపడిన వాదర కాస్త వ్యాకోచిస్తుంది కాబట్టి కత్తి వంపు కూడా చాలావరకు ఆ నీళ్ళలోనే తిరుగుతుంది. నెలల శ్రమ నిలుస్తుందో, పగులిచ్చి పాడవుతుందో ఆ కొన్ని క్షణాల్లో తేలిపోతుంది.

ఇప్పుడు చెప్పండి. దీన్ని మీ జాబితా కేటాయించిన నలభై సెకన్లలో ఎలా చూస్తారు? "ఫొటో తీసుకుని ఇంటికెళ్ళి చూస్తాం" అంటారు కొందరు. కదిలితే తప్ప కనిపించని దాన్ని కదలని బొమ్మలో వెతకడం వాసన కోసం పువ్వు బొమ్మను మూచూడటం లాంటిది.

"ఇంత దూరం వచ్చి, అంత ఖర్చు పెట్టి, ఉన్నవన్నీ చూడకపోతే ఎలా?" అన్నది అందరూ వేసే ప్రశ్న. ఇందులో న్యాయం లేకపోలేదు. మళ్ళీ వెళ్ళగలమో లేదో తెలియని మధ్యతరగతి భయం అది, ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ "ఉన్నవన్నీ" అన్న మాటే తప్పు. జాతీయ మ్యూజియంలో సంజో మునెచికా చేసిన "మికజుకి" ఉంది. వాదర వెంట నెలవంకల్లాంటి గుర్తులు ఉన్నందుకు దానికా పేరు. అక్కడే "దోజిగిరి" ఉంది. ఈ రెండూ జపానులో "లోకపు అయిదు కత్తులు"గా పేరుపడ్డ వాటిలోవి, జాతీయ సంపదలు. అయితే ఆ మ్యూజియం సొత్తు కావడం వేరు, మీరు వెళ్ళిన రోజు అద్దం వెనక ఉండటం వేరు. ప్రదర్శనలో కత్తుల్ని మారుస్తూ ఉంటారు. ముందుగా ఆ నెల ఏవి పెట్టారో మ్యూజియం వారి సైటులో చూసుకోకుండా, "మికజుకి చూశాను" అని రాసుకోవడానికి మాత్రమే వెళ్ళేవాళ్ళు అది లేదని తెలిసి దాని పక్కనున్న మరో గొప్ప కత్తిని కూడా చూడకుండా తిరిగివస్తారు. పేర్ల వేటకు దక్కేది పేర్లే.

రెండో తగాదా కొనుగోళ్ళ గురించి. "ఒక అసలు కత్తి పట్టుకొస్తాను" అనే ఉత్సాహవంతులకు కొన్ని విషయాలు. పర్యాటకుల దుకాణాల్లో గోడకు వేలాడే కత్తులు చాలావరకు అలంకారపు నకళ్ళు. సాధనకు వాడే ఇఐతో కూడా సాధారణంగా జింకు, అల్యూమినియం కలిపిన మిశ్రలోహం, దానికి వాదర ఉండదు. నిజమైన కత్తి ప్రతిదానికీ జపానులో నమోదు పత్రం ఉంటుంది. దాన్ని దేశం దాటించాలంటే అక్కడి సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి. అది మూడు రోజుల్లో చేతికొస్తుందనుకోకండి. ఇక్కడ దిగాక కస్టమ్స్ వారికీ, 1959 నాటి మన ఆయుధాల చట్టానికీ జవాబు చెప్పుకోవాలి. కత్తి కొనడం తప్పని నేననను. మూడు రోజుల ప్రయాణంలో కొనడం మాత్రం, జాతరలో పిల్లను చూసి అక్కడికక్కడే తాళి కట్టడం వంటిది.

మూడో తగాదా మాటల గురించి. "సమురాయ్ ఆత్మ", "లక్ష పొరల ఉక్కు" అంటూ పూనకం వచ్చినట్టు రాసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. ఉక్కును మడవడం మంత్రం కాదు. ముడిసరుకులోని మలినాలు పోయి, బొగ్గుపాలు అంతటా సమంగా పరుచుకోవడానికి చేసే పని. ఆ ముడిసరుకు కథే చాలు అబ్బురపడటానికి. షిమనె ప్రాంతపు ఒకుఇజుమోలో 1977లో మళ్ళీ వెలిగించిన కొలిమి చలికాలంలోనే మండుతుంది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు సుమారు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల బొగ్గు మింగి, 2.5 టన్నుల ముద్దనిస్తుంది. అందులో కత్తికి పనికొచ్చే మేలిమి ఉక్కు టన్ను లోపే. ఇంత నిజం ఉండగా అబద్ధం ఎందుకు?

మనవాళ్ళ గొప్పలూ ఇలాంటివే. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారన్నది చరిత్ర. ఆ కమ్మరుల పేర్లు మనకు తెలియకపోవడం సిగ్గుచేటు. తొకుగవా ఇఎయసు ఆస్థాన కమ్మరి యసుత్సుగు తన కత్తుల మీద "విదేశీ ఇనుముతో చేసినది" అని చెక్కిన మాటా నిజమే. ఈ రెంటినీ ముడివేసి "సమురాయ్ కత్తులన్నీ మన ఉక్కే" అనడం మాత్రం బోడిగుండుకూ మోకాలికీ లంకె. మసమునె వంటి మహామహులు యసుత్సుగు కంటే మూడు శతాబ్దాల ముందువారు. మన ఉక్కు వేరే విద్య, వాళ్ళది వేరే విద్య. రెండూ గొప్పవే.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరికి మిగిల్చాను. ఇది మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువు. కొన్ని పాత కత్తుల తోక మీద బంగారు అక్షరాలతో, శిక్షపడి చచ్చిన నేరస్థుల దేహాలు ఎన్నింటిని ఒక్క వేటుకు కోసిందో రాసి ఉంటుంది. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించాక ఆ విద్య ఎండిపోవచ్చింది. తరువాత సైన్యం దాన్ని మళ్ళీ నడుముకు కట్టించింది. 1937లో నాన్‌కింగ్‌లో ఖైదీల మెడల మీద దిగినవి ఆ కత్తులే. 1945 తరువాత ఆక్రమణ సేనలు కత్తుల్ని పోగుచేసి చాలావాటిని నాశనం చేశాయి. వాటిలో కళాఖండాలను కాపాడుకోవడానికే 1948లో కత్తుల సంరక్షణ సంఘం పుట్టింది. ఈ కథ తెలియకుండా అందాన్ని పొగడటం అజ్ఞానం. తెలిసి దాచడం అంతకన్నా హీనం. హడావుడిగా చూసేవాడికి అందమూ పూర్తిగా అందదు, రక్తమూ కనబడదు. నా కోపానికి అసలు కారణం ఇదే.

ఇక నా పట్టిక. సోమవారాన్ని తప్పించండి, రెండు చోట్లా సాధారణంగా అదే సెలవు. మొదటి రోజు ఉయెనోలోని జాతీయ మ్యూజియం, హోన్‌కాన్ భవనం, 13వ గది. ఒకసారి అంతా చుట్టి రండి. తరువాత ఒక్క కత్తిని ఎంచుకుని అరగంట దాని ముందే ఉండండి. వాదర కిందికి ఉంటే అది నడుముకు వేలాడదీసే తచి, పైకి ఉంటే నడికట్టులో దోపుకునే కతన. రెండో రోజు ర్యోగోకు. పైన చెప్పిన సంఘం వారి కత్తుల మ్యూజియం 2018 జనవరి నుంచి అక్కడి పాత యసుదా తోటలో ఉంది. ప్రదర్శనలు మార్చే రోజుల్లో మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి. అక్కడ రెండో కత్తిని ఎంచుకోండి. మూడో రోజు కొత్తచోటుకు పోవద్దు. ఉయెనోకే తిరిగి వెళ్ళి, మొదటి రోజు మీకు ఏమీ అనిపించని కత్తి ముందు నిలబడండి. అదే మీ మూడో కత్తి. మొదటి రోజు కనబడనిది ఆ రోజు కనబడుతుంది. కనబడకపోతే ఈ టపా కింద నన్ను నిలదీయండి, జవాబు చెబుతాను.

తొమ్మిది మ్యూజియంల జాబితా ఉన్నవారితో నాకు వైరం లేదు. వాళ్ళు తిరిగొచ్చాక ఒకే ప్రశ్న అడుగుతాను: ఒక్క కత్తి వాదర గీత ఎలా ఉందో కాగితం మీద గీసి చూపించగలరా?