తండ్రి సంతకం – కొడుకు ప్లాటు

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, కళాశాల రోజుల జ్ఞాపకాలు రాయడం సులువని తోచింది. కాని మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరు మాట్లాడుకోవడం విన్నాను. "నౌకరి వచ్చుడే ఆలస్యం, చౌటుప్పల్ దిక్కు ఓ ప్లాటు పట్టాలె. లోను దాని మానాన అది నడుస్తది." ఒకప్పుడు నేను అన్న మాట కూడా అదే. అందుకే జ్ఞాపకాలు పక్కన పెట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే మనవి చేస్తాను. చదువు కోసం చేసిన అప్పు తీరక ముందు భూమి మీద పెట్టుబడి పెట్టరాదు. వడ్డీ లెక్క ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఆ అప్పు పత్రం మీద మనతోబాటు మరొకరి సంతకం ఉండటం.

మాది రామన్నపేట. మా దిక్కు భూమి మాట ఈనాటిది కాదు. దున్నేవాడికే భూమి అంటూ సాయుధ పోరాటం సాగిన నేల ఇది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానంటే వినోబా భూదానోద్యమం మొదలైంది. ఆ పోచంపల్లి మా జిల్లాదే. ఇప్పుడు అదే నేలను, జన్మలో నాగలి పట్టనివాళ్ళం గజాల లెక్కన కొంటున్నాం. 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడింది. బీబీనగర్‌కు ఎయిమ్స్ వచ్చింది. 2022 మార్చి 28న గుట్ట మీద కొత్త ఆలయం తెరిచారు. భువనగిరి, చౌటుప్పల్ మీదుగా రీజినల్ రింగు రోడ్డు అన్నారు. ఒక్కొక్క వార్తకు ఒక్కొక్క వెంచరు పుట్టింది. ఆ కరపత్రాలలో దూరాలు కిలోమీటర్లలో ఉండవు, నిమిషాలలో ఉంటాయి. ఏ బండి మీద పోతే అన్ని నిమిషాలో మాత్రం రాయరు.

నా సంగతికి వస్తాను. నాలుగు లక్షల దాకా విద్యారుణానికి బ్యాంకులు తాకట్టు అడగవు. అయితే తండ్రో తల్లో సహరుణగ్రహీతగా సంతకం పెట్టాలి. మా నాయిన పెట్టాడు. చదివి పెట్టాడని చెప్పలేను. చదువు పూర్తయి, ఉద్యోగం దొరికి, కిస్తీలు మొదలయ్యేనాటికి వడ్డీ కలిసి అప్పు అయిదు లక్షలయింది. పదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ళ గడువు, నెలకు 8,430 రూపాయలు. మొదటి నెల కట్టిన దాంట్లో 4,375 వడ్డీకే పోయింది.

2019లో మా ఊరి సీనియరు ఒకాయన హైదరాబాదులో నా గదికి వచ్చాడు. "తమ్మీ, మనుషులు పుడతరు గని భూమి పుడతదా? రేపు రోడ్డు పడ్డంక నువ్వు ముట్టలేవు" అన్నాడు. నూటయాభై గజాలు, గజం ఆరు వేలు, మొత్తం తొమ్మిది లక్షలు. గుంటకు 121 గజాలు గనుక మా నాయిన లెక్కలో అది గుంటంపావు జాగ. దాచుకున్నదీ, స్నేహితుల దగ్గర తెచ్చిందీ కలిపి లక్షా యాభై వేలు బయానా ఇచ్చాను. చేతికి ఒక రసీదు వచ్చింది. ధరలో పదోవంతుకు మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయించాలని 2016 నాటి రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. డిగ్రీలో ఎన్ని సిద్ధాంతాలు చదివానో, ఈ ఒక్క వాక్యం చదవలేదు!

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. జీతం సగమైంది. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలకు వాయిదా దొరికింది గాని వడ్డీ ఆగలేదు. ఆ ఆగస్టులోనే అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ప్రభుత్వం నిలిపివేసింది. మా వెంచరుకు అనుమతి లేదని అప్పుడు తెలిసింది. నెలాఖరులో ఎల్.ఆర్.ఎస్. జీవో 131 వచ్చింది. అది అప్పటికే రిజిస్టరయిన ప్లాట్లకు. నా రసీదుకు వర్తించలేదు.

సెప్టెంబరు నుంచి మూడు కిస్తీలు తప్పాను. ఉత్తరం నాకు రాలేదు, రామన్నపేటకు పోయింది. నాయిన యాసంగి పంట లోను కోసం బ్యాంకుకు పోతే, "ముందుగాల నీ కొడుకు లోను సంగతి చూసుకో" అన్నారట. ఆయన నాతో ఒక్క మాట అనలేదు. ఊళ్ళో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి నాటు వేశాడు. అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. నా బయానా మీద రూపాయి రాబడి లేదు. దాని మూలంగా ఆయన కట్టిన మిత్తి అది. ఈ సంగతి సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా అమ్మ చెబితే తెలిసింది.

భూమి కొని బాగుపడ్డవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. నా క్లాస్‌మేటు ఒకడు భువనగిరి పక్కన కొని ఇవాళ హాయిగా ఉన్నాడు. కాని వాడికి లోను లేదు. పదిన్నర శాతం అప్పు నెత్తిన పెట్టుకొని కొంటే, ఏడేళ్ళలో ఆ ప్లాటు ధర రెట్టింపు అయితే గాని మనకు సరికి సరి కాదు. తెలంగాణలో 2021 జులై నుంచి రిజిస్ట్రేషను ఖర్చే ఏడున్నర శాతం. తొమ్మిది లక్షల మీద అది 67,500. పైగా ప్లాటు నెలనెలా ఏమీ పెట్టదు. జీతం ఆగిన నెల దానిలో అయిదు గజాలు అమ్మి కిస్తీ కట్టలేం. విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉంది గదా, తొందరెందుకు అనే మిత్రులున్నారు. అది పాత పన్ను విధానంలోనే. అసలు పన్ను కట్టేటంత జీతం మనలో ఎందరికి మొదటి ఏడు వస్తుంది?

విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. ఏటా వక్తలను పిలుస్తారు, సన్మానాలు చేస్తారు. ఒక సాయంత్రం రిజిస్ట్రేషను శాఖలో పనిచేసినవారిని పిలిచి ఈసీ అంటే ఏమిటో, లింకు డాక్యుమెంట్లు ఎట్లా చూడాలో, అసైన్డ్ భూమిని కొంటే 1977 చట్టం కింద ఏమవుతుందో చెప్పించండి. బ్యాంకులో అప్పు పత్రం మీద సంతకం పెట్టే రోజున దాన్ని తండ్రికి తెలుగులో చదివి వినిపించాలని మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అదీ చెప్పించండి.

బయానాలో డెబ్బై వేలు మూడు విడతలుగా తిరిగి వచ్చాయి. మిగతాది రాలేదు. ఆ సీనియరు ఇప్పటికీ పండుగకు కనబడితే పలకరిస్తాడు, నేనూ పలుకుతాను. లోను గడువుకన్నా ముందే, 2024లో తీర్చాను. బ్యాంకు వాళ్ళిచ్చిన నో డ్యూ సర్టిఫికెట్ తీసుకొని అదే రోజు రైలెక్కి రామన్నపేట పోయాను. నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇండ్ల నా పేరేడుంది బిడ్డా?" అని అడిగాడు. చూపించాను. దాన్ని మడిచి పాస్‌బుక్కులో పెట్టుకున్నాడు.