బోర్డు ఉంది, బాధ్యత ఎవరిది?

తెలంగాణలో దాదాపు ఏ ఊరికెళ్లినా "తెలంగాణ క్రీడా ప్రాంగణం" అని ఒక ఆర్చో బోర్డో కనిపిస్తుంది. 2022లో రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు వీటిని మొదలుపెట్టారు. ఊరికో ఆటస్థలం ఉండాలన్నది ప్లాన్. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ పిట్, ఎక్సర్‌సైజ్ బార్లు, చుట్టూ మొక్కలు. వెటకారం ఏమీ లేకుండానే అంటున్నా, ఇది చాలా మంచి ఆలోచన. పల్లెటూరి పిల్లలకి ఫ్రీగా ఆడుకునే జాగా ఇద్దామని ప్రభుత్వం అనుకోవడమే పెద్ద విషయం.

ఇప్పుడు ఆ బోర్డు వెనక ఏముంది? మా హాస్టల్ ఫ్లోర్‌లో ఒకరోజు ఈ టాపిక్ వస్తే ఒక్కొక్కరు ఒక్కో ఫోటో చూపించారు. ఒక ఊళ్లో సాయంత్రం అయితే చాలు, రెండు కోర్టులూ నిండిపోతాయి. ఇంకో ఊళ్లో బర్రెలు మేస్తున్నాయి. మరో ఊళ్లో నడుము ఎత్తు పిచ్చి చెట్లు, మధ్యలో తుప్పు పట్టిన రెండు పోల్స్. మా ఊరిది మూడో రకం. ఊరికి దూరంగా, రాళ్ల గుట్ట పక్కన మిగిలిపోయిన సర్కారు జాగాలో ఉంది. చీకటి పడితే అటు ఎవరూ పోరు.

ఎందుకిలా అయిందంటే మనకి రెడీగా రెండు జవాబులుంటాయి. ఒకటి, "మనోళ్లకి సివిక్ సెన్స్ లేదు". రెండోది, "సర్పంచ్ పైసలు తినేశాడు". ఏదో ఒక ఊళ్లో ఇవి నిజమే కావచ్చు. కానీ ఇదే ఊళ్లో, ఇదే మనుషులు, ఇదే పంచాయతీ ఉన్నప్పుడు రోడ్డు పక్కన నాటిన మొక్కలు చాలావరకు బతికి చెట్లెలా అయ్యాయి? గ్రౌండ్‌లో పోల్స్ ఎందుకు తుప్పు పట్టాయి? ఈ తేడాకి పై రెండు జవాబులూ సరిపోవు.

నాకు అర్థమైనంతవరకు జవాబు 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. మొక్కల విషయంలో ఆ చట్టం చాలా స్ట్రిక్ట్. నాటిన వాటిలో 85 శాతం బతకాలి. బతక్కపోతే సర్పంచ్ మీద, పంచాయతీ కార్యదర్శి మీద చర్య తీసుకోవచ్చు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. తర్వాత పల్లె ప్రగతి కింద పంచాయతీలకి ట్రాక్టర్, ట్యాంకర్ కూడా వచ్చాయి. అంటే మొక్కకి ఒక బాధ్యుడు ఉన్నాడు, ఒక లెక్క ఉంది, కొంత డబ్బు ఉంది, నీళ్లు పోసే బండి ఉంది. అందుకే బతికింది.

గ్రౌండ్‌కి ఈ నాలుగిట్లో ఒక్కటీ లేదు. ఓపెనింగ్ అయింది, ఫోటో దిగారు, పైకి రిపోర్ట్ పోయింది. ఆ తర్వాత వాలీబాల్ నెట్ చిరిగితే ఎవరు మార్చాలి? గడ్డి పెరిగితే ఎవరు కోయించాలి? అదే చట్టం కింద ప్రతి పంచాయతీలో స్టాండింగ్ కమిటీలు ఉండాలి. పారిశుద్ధ్యానికి ఉంది, వీధి దీపాలకి ఉంది, మొక్కల పెంపకానికి ఉంది, పనులకీ సంతలకీ ఉంది. ఆటలకి లేదు.

ఈ ఖాళీ ఇంకా పైనుంచే ఉంది. పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణతో 11వ షెడ్యూల్ వచ్చింది. పంచాయతీలకి అప్పజెప్పదగ్గ 29 అంశాల లిస్ట్ అది. లైబ్రరీలు ఉన్నాయి, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి, సంతలు, జాతరలు ఉన్నాయి. ఆటస్థలం అనే మాట లేదు. దాంతోపాటే 74వ సవరణతో మున్సిపాలిటీలకి 12వ షెడ్యూల్ వచ్చింది. అందులో 18 అంశాలే ఉన్నా పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని స్పష్టంగా రాశారు. అంటే పట్నం పిల్లలకి ఆటస్థలం కావాలని గుర్తొచ్చింది. పల్లె పిల్లలకి పొలాలూ చెరువులూ ఉన్నాయి కదా, ఎక్కడో ఒకచోట ఆడుకుంటారులే అనుకున్నారేమో! ఆ రోజుల్లో అది కొంతవరకు నిజమే అయ్యుండొచ్చు. ఇప్పుడు ఊరి చుట్టూ ఉన్న ఖాళీ జాగాలు ప్లాట్లయిపోయాయి. పోరంబోకు భూములు, చెరువులు, ఊరి ఉమ్మడి స్థలాలు ఆక్రమించినవాళ్లని ఖాళీ చేయించమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

అలాగని పంచాయతీకి గ్రౌండ్‌తో సంబంధం లేదని కాదు. ఆ 29 అంశాల్లో చివరిది "సామాజిక ఆస్తుల నిర్వహణ". గ్రౌండ్, కమ్యూనిటీ హాల్, రచ్చబండ, అన్నీ అందులోకే వస్తాయి. కాకపోతే అన్నిటికీ కలిపి ఒకే మాట ఉన్నప్పుడు దేన్నీ ప్రత్యేకంగా పట్టించుకోరు. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని సామెత ఉండనే ఉంది.

మన సీఎస్ఈ వాళ్లకి ఇది కొత్త కథేం కాదు. గిట్‌హబ్‌లో ఎన్ని ప్రాజెక్టులు చూస్తాం, రీడ్‌మీ అద్భుతంగా ఉంటుంది, చివరి కమిట్ మూడేళ్ల కింద. ఇష్యూస్ ట్యాబ్‌లో జనం అడుగుతూనే ఉంటారు, పలికేవాడు ఉండడు. కోడ్ రాసినవాడు చెడ్డవాడని కాదు. రిలీజ్ చేసిన మర్నాటి నుంచి దాన్ని ఎవరు చూసుకుంటారో ఎవరూ అనుకోలేదు, అంతే. మన ఊరి గ్రౌండ్ కూడా మెయింటెయినర్ లేని రిపో.

సరే, పంచాయతీ ఒక మనిషిని పెట్టొచ్చు కదా అంటే, డబ్బు నడిచే తీరు చూడండి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పల్లెలకి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, కానీ జీతాలకి వాడకూడదు. ఉపాధి హామీ పనుల్లో కూడా ఆటస్థలాల నిర్మాణాన్ని చేర్చారు. అంటే కట్టడానికి దారులున్నాయి. కట్టినదాన్ని చూసుకునే మనిషికి జీతం ఇవ్వాలంటే మాత్రం ఎక్కువగా ఇంటి పన్ను లాంటి సొంత ఆదాయమే దిక్కు. చిన్న పంచాయతీలకి అదెంత వస్తుంది? ఉన్న కార్మికులు మల్టీపర్పస్ వర్కర్లు. పొద్దున మోరీలు తీయాలి, ట్రాక్టర్ నడపాలి, మోటర్ వేయాలి, మొక్కలకి నీళ్లు పోయాలి. ఆ పద్ధతే వద్దని వాళ్లు ధర్నాలు చేస్తున్నారు. వాళ్ల నెత్తిన గ్రౌండ్ కూడా పెట్టమనడం అన్యాయం.

దీనికి తోడు 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గాల టైమ్ అయిపోయాక తెలంగాణ పంచాయతీల్లో దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలనే నడిచింది. 2025 డిసెంబర్ ఎన్నికల తర్వాతే మళ్లీ సర్పంచులు, వార్డు మెంబర్లు వచ్చారు. ఆ రెండేళ్లు ఊరివాళ్లు "అన్నా, జర నెట్ మార్పియ్యరాదే" అని అడగడానికి కూడా ఎదురుగా ఎన్నికైన మనిషి లేడు.

ఆటలే కదా, ముందు మోరీల సంగతి చూడమనండి అని ఎవరైనా అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా పెద్దనాన్న కూతురి సంగతి చెప్తా. అక్క కానిస్టేబుల్ ఎగ్జామ్‌కి ప్రిపేర్ అయింది. ఫిజికల్ ఈవెంట్స్‌లో అమ్మాయిలకి 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. ఊరి క్రీడా ప్రాంగణంలో లాంగ్ జంప్ పిట్ ఉంది, కానీ ఇసుక లేదు, రాళ్లూ తుమ్మ ముళ్లూ ఉన్నాయి. అక్క లాంగ్ జంప్ ప్రాక్టీస్ చేసింది వీధి చివర కడుతున్న ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలో, మేస్త్రీలు రాకముందే. పరుగు మాత్రం పొద్దున ఐదింటికి మెయిన్ రోడ్డు మీద. వెనకాల పెద్దనాన్న బండి మీద లైటేసుకుని మెల్లగా వచ్చేవాడు. "లారీలు తిరిగే రోడ్డు మీద ఒక్కదాన్నే ఎట్ల పంపాలె?" అనేవాడు. పెద్దనాన్నకి బండి ఉంది, తీరిక ఉంది, బిడ్డ ఉద్యోగం చేయాలన్న పట్టుదల ఉంది. ఈ మూడూ లేని ఇంటి ఆడపిల్ల ఎక్కడ పరిగెత్తాలి?

అందుకే గ్రౌండ్ అంటే టైమ్‌పాస్ అనుకోవద్దు అంటున్నా. ఊళ్లో చాలామందికి ప్రైవేట్ జాబ్ కన్నా యూనిఫామ్ జాబే దగ్గరి కల. దానికి సిలబస్ యూట్యూబ్‌లో దొరుకుతుంది, ఇసుక పిట్ దొరకదు. ఆటలకి జాగా లేని సాయంత్రాలు ఖాళీగా ఉండవు కూడా. బెల్టు షాపు ఉంది, బెట్టింగ్ యాప్ ఉంది. వాటికి మెయింటెనెన్స్ బ్రహ్మాండంగా జరుగుతుంది!

ఇంకో మాట. గ్రౌండ్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన అందరిదీ అయిపోదు. బాగున్న గ్రౌండ్లలో కూడా సాయంత్రం అంతా క్రికెట్ ఆడే అన్నలదే రాజ్యం. ఆడపిల్లలు గోడ పక్క నుంచి నడిచి పోతారు. గ్రౌండ్ ఏ వాడ పక్కన ఉంది, ఏ వాడ పిల్లలు అక్కడికి ధైర్యంగా వస్తారు అన్నది కూడా చూడాలి. ఇది గడ్డి కోస్తే పోయే సమస్య కాదు. టైమ్‌టేబుల్ వేసి, దాన్ని నిలబెట్టే పంచాయతీ ఉండాలి.

మరి ఏం చేయొచ్చు? యూత్ సంఘాలకి అప్పజెప్పేద్దాం అనేది చాలామంది చెప్పే సొల్యూషన్. వినాయక చవితికి చందాలు వసూలు చేసి, లడ్డూ వేలం పాడించి, రూపాయి రూపాయికి లెక్క చెప్పే యూత్ గ్రౌండ్ నడపలేదా అంటారు. నడపగలదు, కొన్నాళ్లు. ఒకప్పుడు తెలుగు నేల మీద ఊళ్లోవాళ్లే చందాలేసుకుని లైబ్రరీలు పెట్టుకున్నారు. 1901లో హైదరాబాద్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో పెట్టిన సారస్వత నికేతనం ప్రభుత్వం కట్టినవి కావు. కానీ తర్వాత 1960లో గ్రంథాలయాల చట్టం తెచ్చి, ఇంటి పన్ను మీద సెస్సు పెట్టారు. ఉత్సాహం ఒక్కదానితోనే ఏళ్ల తరబడి నడవదు, ఏటా వచ్చే డబ్బు కావాలి అని అప్పుడే అర్థమైంది. ఆ సెస్సు అన్నిచోట్లా సరిగ్గా లైబ్రరీకి చేరుతోందా అన్నది వేరే గొడవ. దారి మాత్రం సరైనది. మన యూత్ సంఘం ప్రెసిడెంట్‌కి హైదరాబాద్‌లో జాబ్ వస్తే మర్నాడు గ్రౌండ్ తాళం ఎవరి దగ్గరుంటుంది? మ్యాచ్‌లు యూత్ నడపాలి. జాగా, నెట్, ఇసుక, లైటు పంచాయతీ చూడాలి.

కాబట్టి నేను అడిగేవి పెద్దవేం కాదు. ఒకటి, గ్రౌండ్‌కి బాధ్యులుగా ఒక వార్డు మెంబర్ పేరు తీర్మానంలో రాయాలి, ఆ పేరు బోర్డు మీద ఉండాలి. రెండు, పంచాయతీ బడ్జెట్‌లో గ్రౌండ్ మెయింటెనెన్స్ అని ఒక లైన్ ఉండాలి, చిన్న మొత్తమైనా సరే. చిరిగిన నెట్‌కీ, ఒక ట్రాక్టర్ ఇసుకకీ కొత్త స్కీమ్ అక్కర్లేదు. మూడు, రోజులో ఒక గంట ఆడపిల్లలకి అని టైమ్‌టేబుల్ పెట్టాలి. నాలుగు, పంచాయతీ గ్రౌండ్ ఊరికి మరీ దూరంగా ఉంటే సర్కారు బడి గ్రౌండ్‌ని సాయంత్రం వాడుకునేలా హెడ్మాస్టర్‌తో, విద్యాశాఖతో మాట్లాడాలి. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటుంది. చాలా ఊళ్లలో ఆ గ్రౌండ్ నడిబొడ్డునే ఉంటుంది, బడి వదిలాక తాళం పడుతుంది. అలా వాడుకుంటే పొద్దున్నే అక్కడ సీసా పెంకులు లేకుండా చూసే పూచీ పంచాయతీదే అవ్వాలి.

ఆంధ్రా నుంచి వచ్చిన ఫ్రెండ్స్‌కి కూడా ఇది వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 26న "ఆడుదాం ఆంధ్రా" మొదలైనప్పుడు సచివాలయాల స్థాయి నుంచి మ్యాచ్‌లు జరిగాయి, మీలో కొందరు ఆడారు కూడా. టోర్నమెంట్ అయిపోయాక మీ గ్రౌండ్ ఎలా ఉంది? ప్రభుత్వాలు మారితే స్కీమ్ పేరు మారుతుంది, పాత పేరున్న బోర్డుని ఎవరూ సొంతం చేసుకోరు. పంచాయతీ మాత్రం ఎక్కడికీ పోదు. అందుకే గ్రౌండ్ స్కీమ్‌ది కాకుండా పంచాయతీది అవ్వాలి.

ఇదంతా చదివి "మనమేం చేస్తాం, స్టూడెంట్స్‌మి" అనొద్దు. గ్రామసభ అంటే సర్పంచ్, వార్డు మెంబర్లు కాదు. ఊరి ఓటరు లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, రాజ్యాంగంలోనే ఉంది. మనకి పద్దెనిమిది దాటాయి. ఊళ్లో ఓటుంటే మనమూ మెంబర్లమే. తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టం చెప్తోంది. వెళ్లేముందు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పేరు కొట్టి చూడండి, ఏ పనులు ప్లాన్ చేశారో, ఖర్చు ఎంత చూపించారో ఉంటుంది. లాగిన్ కూడా అక్కర్లేదు.

ఆ వివరాలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి మూడే మూడు అడగండి. మన గ్రౌండ్ ఎవరి బాధ్యత? ఈ ఏడాది దానికి ఎంత పెట్టారు? ఆడపిల్లలు ఏ టైమ్‌లో ఆడుకోవచ్చు? అరవక్కర్లేదు, వీడియో తీసి వైరల్ చేయక్కర్లేదు. జవాబు మినిట్స్ బుక్కులో రాయించి రండి. రెండు నెలల తర్వాత జరిగే సభలో మళ్లీ అదే పేజీ తీయమని అడగండి.